కరెంటు తీసేశారు, నెట్ ఆగలేదు: దేశాలు దాటిన ఇంటర్నెట్‌పై అదుపు ఎవరిది?

■ కొల్లేరు మాస్టారు

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా బుర్రలో నలుగుతున్న విషయం ఇది. ఇక్కడ నెట్‌వర్కులు తెలిసినవాళ్లు, లాయర్లు, విదేశాల్లో ఉంటున్నవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

2025 ఫిబ్రవరి 5న థాయిలాండ్ ప్రభుత్వం సరిహద్దుకి అవతల, మయన్మార్‌లోని అయిదు ప్రాంతాలకు కరెంటు, ఇంటర్నెట్, ఇంధనం ఆపేసింది. థాయ్ సరిహద్దు పక్కనే ఉన్న మయన్మార్ ఊరు మ్యావడీ చుట్టుపక్కల ఉన్న సైబర్ మోసాల కేంద్రాలను మూయించాలన్నది ఉద్దేశం. మన దగ్గర ‘డిజిటల్ అరెస్టు’ అని భయపెట్టి, ట్రేడింగ్ యాప్ అని ఆశపెట్టి డబ్బు గుంజే ఫోన్లు ఇలాంటి చోట్ల నుంచి చాలానే వస్తున్నాయి. అక్కడ కూర్చుని ఫోన్లు చేసేవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగం అని ఏజెంటు చెబితే నమ్మి వెళ్లి, పాస్‌పోర్టు లాగేసుకున్నాక చిక్కుకుపోయినవాళ్లు. 2024 మేలో విశాఖ పోలీసులు కంబోడియాకు మనుషుల్ని పంపే ముఠాను పట్టుకున్నప్పుడు ఇది మనందరికీ బాగా తెలిసింది. బలవంతంగా ఈ పని చేయిస్తున్నవాళ్లు మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో దాదాపు లక్ష మంది ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులోనే చెప్పింది.

సరే, కరెంటు తీసేశారు. అయినా ఆ కేంద్రాలు ఆగలేదు. జనరేటర్లు పెట్టుకున్నారు. ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ డిష్‌లు పైకప్పుల మీద వరసగా వెలిశాయి. మయన్మార్‌లో స్టార్‌లింక్‌కి అసలు లైసెన్సే లేదు. చివరికి 2025 అక్టోబరులో ఆ కంపెనీయే, మోసాల కేంద్రాల దగ్గరున్న 2,500కు పైగా కిట్లను పనిచేయకుండా చేశామని ప్రకటించింది.

ఒక దేశం కరెంటు తీసింది. ఒక దేశం సైన్యాన్ని పంపింది. మన దేశం విమానాలు పంపి పిల్లల్ని తెచ్చుకుంది. ఆ డిష్‌లు మాత్రం అమెరికాలో ఒక కంపెనీ ఆపుదామనుకున్న రోజే ఆగాయి. మరి ఇన్ని దేశాల్లో నడిచే ఈ వ్యవస్థ మీద అదుపు ఎవరిది? మన మండలంలో మోసపోయినవాడు ఎవరి తలుపు తట్టాలి?

■ నాగేంద్ర (నెట్‌వర్క్స్)

మాస్టారూ, హైదరాబాద్‌లో ఒక ఇంటర్నెట్ ప్రొవైడర్ దగ్గర నైట్ షిఫ్టుల్లో నెట్‌వర్క్ చూసుకునేవాణ్ని. నాకు తెలిసింది చెబుతాను.

అదుపు ఎవరిదంటే ఒక్క పేరు చెప్పలేం. నేల మీద వేసిన తీగ ఆ దేశానిది, దాన్ని కోసేయొచ్చు. థాయిలాండ్ చేసింది అదే. నెట్‌లో పరికరాలను గుర్తించే నంబర్లు, అంటే ఐపీ అడ్రసులు మాత్రం ఆసియా పసిఫిక్ మొత్తానికి ఏపీనిక్ అనే సంస్థ పంచుతుంది, దాని ఆఫీసు ఆస్ట్రేలియాలో ఉంది. వెబ్‌సైట్ల పేర్ల, అంటే డొమైన్ పేర్ల పట్టిక ఐకాన్ దగ్గర ఉంటుంది, అది కాలిఫోర్నియాలో రిజిస్టరైన లాభాపేక్ష లేని సంస్థ. ట్రాఫిక్ ఎటు నుంచి ఎటు పోవాలో డెబ్బై వేలకు పైగా నెట్‌వర్కులు ఒకదానికొకటి చెప్పుకుంటాయి. పైన నడిచే వాట్సాప్, టెలిగ్రామ్ లాంటివి కంపెనీల సొత్తు. ఇన్ని చేతుల్లో ఉంది కాబట్టే ఎవరూ ఒక్కళ్లే దీన్ని మూసేయలేరు. మోసగాడికి కూడా ఏదో ఒక సందు దొరుకుతూ ఉండటానికి కారణం అదే.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, మన ఇంట్లో మనం చేయగలిగింది కొంత ఉంది. విదేశం నుంచి వస్తూ +91 నంబరులా కనబడే కాల్స్ గుర్తున్నాయా? 2024 అక్టోబరులో టెలికాం శాఖ వాటిని పట్టే వ్యవస్థ పెట్టింది. మొదటి 24 గంటల్లో 1.35 కోట్ల కాల్స్ ఆపామని ప్రకటించారు. ఆ తర్వాత ముఠాలు దేశంలోపలే సిమ్ బాక్సులు (చాలా సిమ్‌లు పెట్టి విదేశీ కాల్‌ను లోకల్ కాల్‌లా చూపే పెట్టెలు) పెట్టించి ఫోన్లు చేయడం మొదలుపెట్టాయి. అయితే ఆ సిమ్ బాక్సు మన పోలీసులకు అందేచోట ఉంటుంది. మ్యావడీలో ఉన్న సర్వరు అందదు.

■ ఉత్తరాంధ్ర

ఇదంతా విన్నాక నాకు అర్థమయ్యేది ఒక్కటే. మన డేటా మన దేశంలో ఉండాలి, సర్వర్లు మన నేల మీద ఉండాలి, మన చట్టం కింద ఉండాలి. అప్పుడు ఎవర్నీ బతిమాలక్కర్లేదు. 2018లో రిజర్వు బ్యాంకు చెల్లింపుల డేటా ఇండియాలోనే దాచాలంది. కార్డు కంపెనీలు గొడవ చేశాయి, చివరికి చేశాయా లేదా? ఇప్పుడు విశాఖలో గూగుల్ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని 2025 అక్టోబరులో ప్రకటించింది. సముద్రగర్భ కేబుళ్లు కూడా మన ఒడ్డుకే వస్తున్నాయి. మా ఊరు ఈ దేశానికి ఇంటర్నెట్ గుమ్మం కాబోతోంది. ఇక మనం ఎవరి గుమ్మం ముందు నిలబడాలి?

■ రవి, డబ్లిన్

బ్రదర్, విశాఖకి రావడం నాకూ ఆనందమే, నాదీ అనకాపల్లే. కానీ సర్వరు ఎక్కడుంటే చట్టం అక్కడిది అనుకుంటే దెబ్బతింటాం. ఆ వాదన సరిగ్గా నేనుంటున్న ఊళ్లోనే తేలిపోయింది.

2013 డిసెంబరులో న్యూయార్క్‌లో ఒక జడ్జి డ్రగ్స్ కేసులో ఒక ఈమెయిల్ ఖాతా ఇవ్వమని మైక్రోసాఫ్ట్‌కి వారెంటు ఇచ్చారు. ఆ మెయిళ్లు డబ్లిన్ డేటా సెంటర్‌లో ఉన్నాయి. ‘అది ఐర్లండ్ నేల, మీ వారెంటు ఇక్కడ చెల్లదు’ అని కంపెనీ కోర్టుకెక్కింది. 2016లో అప్పీలు కోర్టులో గెలిచింది కూడా. కేసు అమెరికా సుప్రీం కోర్టులో ఉండగానే, 2018 మార్చిలో అక్కడి కాంగ్రెస్ క్లౌడ్ యాక్ట్ తెచ్చింది. దాని సారాంశం ఇది: అమెరికా చట్టం వర్తించే కంపెనీ చేతిలో డేటా ఉంటే, అది ప్రపంచంలో ఎక్కడున్నా అమెరికా అడిగితే ఇవ్వాలి. దాంతో ఆ కేసు నిలవకుండా పోయింది.

కాబట్టి విశాఖలో భవనం మనది, నీళ్లు మనవి, కరెంటు మనది. నడిపే కంపెనీ అమెరికాది అయితే ఆ డేటాకి ఇద్దరు యజమానులు. మన కోర్టు ఇవ్వొద్దంటుంది, వాళ్ల కోర్టు ఇవ్వమంటుంది. మధ్యలో కంపెనీ లాయరు ఎవరికి ఎక్కువ భయపడితే వాళ్ల మాటే నెగ్గుతుంది. దీనికి దేశాల మధ్య ఒప్పందం తప్ప వేరే మందు లేదు.

■ ఉత్తరాంధ్ర

అంటే సర్వర్లు ఇక్కడ పెట్టినా లాభం లేదంటారా?

■ రవి, డబ్లిన్

లాభం లేదనను. మన రెగ్యులేటరు వెళ్లి తనిఖీ చేయగలడు, మన కోర్టు సీజ్ చేయమనగలదు, అది పెద్ద విషయమే. సరిపోదు అంటున్నానంతే. ఎస్టోనియా ఇంకో దారి తొక్కింది. తన ప్రభుత్వ రికార్డుల కాపీని లక్సెంబర్గ్‌లోని డేటా సెంటర్‌లో పెట్టి, రాయబార కార్యాలయానికి ఉండే రక్షణ లాంటిదే ఆ సర్వర్లకూ ఉండేలా 2017లో ఒప్పందం రాసుకుంది. ఆ రక్షణ నేల వల్ల రాలేదు, రాసుకున్న కాగితం వల్ల వచ్చింది.

■ అడ్వకేట్ మాధవి

మాస్టారు గారి ప్రశ్నలో రెండో సగం, మోసపోయినవాడు ఎవరి తలుపు తట్టాలన్నది, నేను రోజూ కోర్టులో చూసేది. అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

డబ్బు పోయిన మనిషి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తాడు, లేదా ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెడతాడు. మొదటి గంటల్లో చేస్తే బ్యాంకు ఖాతాల్లో ఇంకా మిగిలిన డబ్బు హోల్డ్‌లో పెట్టిస్తారు. అక్కడిదాకా మన దేశంలో జరిగే పని, ఈ మధ్య బాగానే జరుగుతోంది. ఆ తర్వాతే కష్టాలు. డబ్బు మొదటి మ్యూల్ ఖాతా (మోసగాళ్లు వాడుకునే వేరేవాళ్ల ఖాతా) నుంచి నాలుగైదు ఖాతాలు దాటి, క్రిప్టోగా మారి బయటికి పోయి ఉంటుంది. మిగిలిన ఆధారాలు అంటే ఒక వాట్సాప్ నంబరు, ఒక టెలిగ్రామ్ పేరు, ఒక నకిలీ వెబ్‌సైటు.

ఇన్‌స్పెక్టర్ బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 94 కింద కంపెనీకి నోటీసు పంపుతాడు. ఖాతా ఎప్పుడు తెరిచారు, ఏ ఐపీ నుంచి లాగిన్ అయ్యారు లాంటివి పెద్ద కంపెనీలు చాలాసార్లు ఇస్తాయి. మెయిల్‌లో, క్లౌడ్‌లో ఉన్న అసలు సమాచారం కావాలంటే మాత్రం ‘మీ దేశం నుంచి పద్ధతి ప్రకారం రండి’ అంటాయి. ఆ పద్ధతి పేరు పరస్పర న్యాయ సహాయ ఒప్పందం, మేం ఎంలాట్ అంటాం. అమెరికాతో మనకు 2005 నుంచి అమల్లో ఉంది.

ఆ ఫైలు నడిచే దారి చూడండి. స్టేషన్ నుంచి పై అధికారులకు, అక్కడి నుంచి రాష్ట్ర హోం శాఖకు, తర్వాత ఢిల్లీలో కేంద్ర హోం శాఖకు. అక్కడ సరిచూసి వాషింగ్టన్‌లో న్యాయ శాఖకు పంపుతారు. వాళ్లు తమ చట్టం ప్రకారం నేరం జరిగిందనడానికి తగిన ఆధారం కనబడుతోందా అని చూస్తారు. మన ఎఫ్ఐఆర్ భాష వాళ్లకు చాలదు. ‘నిందితుడు మోసగించాడని తెలియవచ్చుచున్నది’ అని రాస్తే వెనక్కి వస్తుంది. ఫలానా తేదీన, ఫలానా ఖాతా నుంచి ఈ మెసేజ్ వచ్చింది, దాన్ని నమ్మి ఇంత పంపాడు అని పేరా పేరాకీ ఆధారం చూపాలి. అది బాగుంటే అక్కడి ప్రాసిక్యూటరు జడ్జి దగ్గరకెళ్లి ఆర్డరు తెస్తాడు, కంపెనీ ఇస్తుంది, మళ్లీ అదే మెట్లు దిగుతూ మన స్టేషన్‌కి వస్తుంది. నెలలు పడుతుంది, ఏడాది దాటినవీ ఉన్నాయి. ఈలోపు వెబ్‌సైట్లకు సర్వర్లు అద్దెకిచ్చే చిన్న హోస్టింగ్ కంపెనీల దగ్గర లాగులు, అంటే ఎవరెప్పుడు వాడారన్న రికార్డులు చెరిగిపోయి ఉంటాయి.

ఇది ఒక్క అమెరికా సంగతి. మయన్మార్‌తో కూడా మనకు ఇలాంటి ఒప్పందం ఉంది, 2010లో సంతకమైంది. కంబోడియాతో 2018లో అయింది. కాగితం ఉంది. కానీ మ్యావడీ మీద మయన్మార్ రాజధాని నేపిడాలోని ప్రభుత్వానికి పట్టెంత? అక్కడ ఏళ్లుగా పెత్తనం చేస్తున్నది సాయుధ దళాలు. సమన్లు ఎవరికి ఇవ్వాలి? ఒప్పందం చేసుకున్న ప్రభుత్వానికి ఆ ఊరి మీద అధికారం లేదు. అధికారం ఉన్నవాళ్లతో ఒప్పందం కుదరదు.

■ సుజాత, కాకినాడ

మాధవి గారూ, మీరు రాసింది చదివాక చెయ్యి వణికింది. మా నాన్న రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో చాలా భాగం ఇలాగే పోయింది. రెండు రోజులు వీడియో కాల్‌లోనే కూర్చోబెట్టారు. సీబీఐ అన్నారు, సుప్రీం కోర్టు అని ఒక గది చూపించారు. మాట్లాడినవాళ్లలో ఒకతను తెలుగువాడే. ‘అంకుల్, మీకేం కాదు, నేను చూసుకుంటాను’ అన్నాడట. నాన్న ఇప్పటికీ ఆ గొంతు గురించే చెబుతారు.

ఫిర్యాదు చేశాం. కొంత హోల్డ్‌లో ఉందన్నారు. మిగతాది ‘విదేశాలకు పోయింది’ అన్నారు. ఆ మాటతో అందరూ అక్కడే ఆగిపోతున్నారు. ఇంకేం చేయొచ్చు?

■ అడ్వకేట్ మాధవి

సుజాత గారూ, ముందు హోల్డ్‌లో ఉన్న మొత్తం సంగతి చూడండి. అది తనంతట తాను వెనక్కి రాదు. మీ పరిధిలోని మేజిస్ట్రేట్ కోర్టులో విడుదల కోసం పిటిషన్ వేయాలి. లోక్ అదాలత్‌లలో కూడా ఇలాంటివి తేలుస్తున్నారు. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఈ దారిలో చాలామందికి డబ్బు ఇప్పించింది. ఫిర్యాదు రసీదు నంబరు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఏ ఖాతాలో ఎంత హోల్డ్ అయిందో చెప్పే లేఖ దగ్గర పెట్టుకోండి.

ఆ వీడియో కాల్స్ జరిగిన ఫోను మార్చకండి, రీసెట్ చేయకండి. చాట్లు, కాల్ వివరాలు కోర్టులో నిలవాలంటే సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఇందులో ఆయన తప్పేమీ లేదు.

■ మోడరేటర్

నిందితుల పేర్లు, ఖాతా నంబర్లు, ఫోన్ నంబర్లు ఎవరూ ఇక్కడ పెట్టకండి. దర్యాప్తు దెబ్బతింటుంది. సుజాత గారికి వ్యక్తిగత మెసేజ్‌లు పంపి ‘డబ్బు రికవరీ చేయిస్తాం’ అనేవాళ్లు ఎవరైనా వస్తే వెంటనే మాకు చెప్పండి. అది రెండో మోసం.

■ ఉత్తరాంధ్ర

సుజాత గారూ, చాలా బాధగా ఉంది. ఇది చదివాక నా మాట ఇంకా గట్టిగా అంటాను. మన మాట వినని యాప్‌ని దేశం గుమ్మం దగ్గరే ఆపేయాలి. 2020 జూన్‌లో టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను రాత్రికి రాత్రి ఆపాం, ఆకాశం ఊడిపడలేదు. ఆధారాలు ఇవ్వని కంపెనీకి కూడా అదే చేద్దాం.

■ నాగేంద్ర (నెట్‌వర్క్స్)

యాప్ స్టోర్ నుంచి తీయించడం ఒక ఎత్తు, నెట్‌వర్కులో ఆపడం ఇంకో ఎత్తు. గుమ్మం దగ్గర ఆపబోతే ఏమవుతుందో మా రంగంలో అందరికీ గుర్తున్న కథ ఒకటుంది.

2008 ఫిబ్రవరి 24. పాకిస్తాన్ ప్రభుత్వం యూట్యూబ్‌ను ఆపమంది. పాకిస్తాన్ టెలికాం వాళ్లు ఏం చేశారంటే, యూట్యూబ్ అడ్రసుల్లో ఒక చిన్న ముక్కకు ‘ఈ అడ్రసుకి దారి మా దగ్గరుంది’ అని తమ నెట్‌వర్కులో ఒక తప్పుడు రూటు పెట్టారు. తమ దేశపు ట్రాఫిక్ అంతా అక్కడికొచ్చి ఆగిపోవాలని. ఆ రూటు లోపలే ఉండాల్సింది, బయటికి పొక్కింది. పైన వాళ్లకు సర్వీసు ఇచ్చే హాంకాంగ్ కంపెనీ సరిచూడకుండా దాన్ని ప్రపంచానికి అందించింది. రౌటర్లు ఎప్పుడూ మరింత కచ్చితమైన రూటునే ఎంచుకుంటాయి. యూట్యూబ్ ప్రకటించింది పెద్ద బ్లాకు, వీళ్లది చిన్న బ్లాకు. ఇంకేం, ప్రపంచంలో చాలాచోట్ల నుంచి యూట్యూబ్ ట్రాఫిక్ పాకిస్తాన్ దారి పట్టింది. దాదాపు రెండు గంటలు యూట్యూబ్ దొరకలేదు. యూట్యూబ్ వాళ్లు అంతకంటే చిన్న బ్లాకులు ప్రకటించి, హాంకాంగ్ కంపెనీ పాకిస్తాన్ నెట్‌వర్కును తప్పించాకే సర్దుకుంది.

ఏ కోర్టూ అక్కర్లేకుండా, కొందరు ఇంజనీర్లు ఒకరికొకరు ఫోన్లు చేసుకుని సరిచేశారు. మా పని ఇప్పటికీ చాలా వరకు ఆ నమ్మకం మీదే నడుస్తోంది. ఇప్పుడు రూట్లకు డిజిటల్ సంతకాలు వచ్చాయి, అయినా అందరూ సరిచూడటం లేదు. ఒక దేశం తన ఇంట్లో గోడ కడుతున్నాననుకుంటుంది. తీగలన్నీ కలిసే ఉన్నాయి కాబట్టి పక్కింటి గోడ కూలుతుంది.

■ సల్మా

నాగేంద్ర గారి కథకు తోడు చట్టాల్లో జరిగింది చెబుతాను. నేను పబ్లిక్ పాలసీ చదువుకున్నాను.

2022 ఏప్రిల్‌లో మన ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఒక ఆదేశం ఇచ్చింది. వాడేవాళ్ల అసలు ఐపీ అడ్రసు కనబడకుండా నెట్ ఇచ్చే వీపీఎన్ కంపెనీలు తమ కస్టమర్ల వివరాలు అయిదేళ్లు దాచాలని. నేరగాళ్లను పట్టుకోవడానికే, ఉద్దేశం మంచిదే. ఏమైంది? కొన్ని పెద్ద వీపీఎన్ కంపెనీలు ఇండియాలోని సర్వర్లు పీకేసి, సింగపూర్‌లోనో లండన్‌లోనో కూర్చుని ఇండియా ఐపీ అడ్రసులు ఇవ్వడం మొదలెట్టాయి. చట్టం గట్టిదైంది, అది వర్తించాల్సినవాళ్లు సరిహద్దు దాటేశారు. మాట విని ఇక్కడే ఉండిపోయిన చిన్న కంపెనీల మీదే భారం పడింది.

ఇంకో భయం కూడా ఉంది. మన చట్టాన్ని ప్రపంచమంతా పాటించాలని మనం అంటే, రేపు ఇంకో దేశం అదే అంటుంది. 2019 అక్టోబరులో బాబా రామ్‌దేవ్ వేసిన పరువునష్టం కేసులో ఢిల్లీ హైకోర్టు, ఇండియా నుంచి అప్‌లోడ్ అయిన వీడియోలను ప్రపంచమంతటా తీసేయమంది. అంతకు నెల ముందే యూరప్ న్యాయస్థానం గూగుల్ కేసులో వేరే మాట చెప్పింది. మరిచిపోయే హక్కు (తన గురించిన పాత సమాచారం సెర్చ్‌లో రాకుండా చేయమని అడిగే హక్కు) కింద సెర్చ్ ఫలితాలు తీసేస్తే యూరప్‌లో తీసేస్తే చాలు, లోకమంతా తీయమని తమ చట్టం అడగడం లేదు అంది. ఢిల్లీ తీర్పులాంటిదే రేపు ఒక సైనిక ప్రభుత్వపు కోర్టు ఇస్తే? తెలుగులో మనం రాసుకున్న వ్యాసం ఎక్కడో ఎవరి పరువుకో భంగమని ఇక్కడ మాయమైపోతే ఒప్పుకుంటామా?

■ ఉత్తరాంధ్ర

సల్మా గారూ, హక్కుల సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ భయంతో ఏమీ చేయకుండా కూర్చుంటే సుజాత గారి నాన్నగారికి మనమేం జవాబు చెబుతాం? ప్రతిసారీ ‘జాగ్రత్తగా చేయాలి’ అనే మాటతోనే ఇరవై ఏళ్లు గడిచాయి.

■ కొల్లేరు మాస్టారు

ఇద్దరి మాటా నాకు నచ్చింది. ఒకటి అడగనివ్వండి. ఇంతమంది పెద్దలు కూర్చుని మాట్లాడుకునే చోటు లేదా? ఐక్యరాజ్యసమితి ఏం చేస్తోంది? నాగేంద్ర చెప్పిన ఐకాన్ అయినా ఒక మాట చెబితే ఆ మోసాల వెబ్‌సైట్లు పోవా?

■ నాగేంద్ర (నెట్‌వర్క్స్)

ఐకాన్ గురించి నేను చెబుతాను. 2022 ఫిబ్రవరి 28న, రష్యా దాడి మొదలైన అయిదో రోజున, ఉక్రెయిన్ మంత్రి ఐకాన్‌కు లేఖ రాశారు. రష్యా డొమైన్ .ఆర్‌యూను రద్దు చేయండి, రష్యాలోని రూట్ సర్వర్లను (డొమైన్ పేర్లు వెతకడానికి మొదట అడిగే సర్వర్లు) ఆపేయండి అని. రెండు రోజుల్లో ఐకాన్ కాదంది. ‘మా పని పేర్లు, నంబర్లు సరిగ్గా కలిసేలా చూడటం, శిక్షలు వేయడం కాదు’ అన్నది వాళ్ల జవాబు సారం. బాంబులు పడుతున్న దేశానికి ఆ జవాబు ఎంత చేదుగా ఉంటుందో ఊహించగలను. అయినా నేను ఆ నిర్ణయం వైపే ఉంటాను. ఒక్కసారి ఆ స్విచ్ వాడితే, తర్వాత దాన్ని ఎవరి మీద వాడాలన్నదే ప్రతి యుద్ధంలో మొదటి బేరమవుతుంది.

ఐకాన్‌కీ హైదరాబాద్‌కీ ఒక బంధం ఉంది, చాలామందికి తెలియదు. 2016 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వం ఆ పట్టిక మీద తన కాంట్రాక్టు వదులుకుంది. ఆ తర్వాత ఐకాన్ పెట్టుకున్న మొదటి పెద్ద సమావేశం మన హైటెక్స్ పక్కన, హెచ్‌ఐసీసీలో, నవంబరు 3 నుంచి 9 వరకు. ప్యూర్టో రికోలో జరగాల్సింది జికా వైరస్ వల్ల ఇక్కడికి మారింది. చివరి రోజుకు ముందు రాత్రి 8 గంటలకు పెద్ద నోట్ల రద్దు. ప్రపంచ ఇంటర్నెట్ పేర్ల భవిష్యత్తు మాట్లాడటానికి వచ్చినవాళ్ల జేబుల్లో నోట్లు ఆ అర్ధరాత్రి నుంచి చెల్లలేదు. ఒక ప్రభుత్వం తన పరిధిలో ఒక్క ప్రకటనతో ఏం చేయగలదో వాళ్లు కళ్లారా చూశారు. ఇంటర్నెట్ మీద అలాంటి ప్రకటన చేయగలిగినవాళ్లు ఎవరూ లేరు, ఉండకూడదు కూడా.

■ సల్మా

హైదరాబాద్‌లో అంతకుముందు ఇంకోటి కూడా జరిగింది. 2008 డిసెంబరు 3 నుంచి 6 దాకా ఐక్యరాజ్యసమితి ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం, అదే హెచ్‌ఐసీసీలో. ముంబై దాడులు ముగిసి వారం కూడా కాలేదు. ఆ దాడుల్లో పాకిస్తాన్‌లో కూర్చున్నవాళ్లు ముంబైలో ఉన్నవాళ్లతో మాట్లాడింది న్యూజెర్సీలోని ఒక ఇంటర్నెట్ కాలింగ్ కంపెనీ ద్వారా. దేశాలు దాటిన ఇంటర్నెట్ నేరం అంటే ఏమిటో ఆ హాల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ ఆ ఫోరానికి మాట్లాడే అధికారమే తప్ప నిర్ణయించే అధికారం లేదు. 2005లో ట్యూనిస్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి సమావేశంలో అలాగే రాసుకున్నారు.

మన ప్రభుత్వ వైఖరి కూడా ఒక్కచోట లేదు. 2011లో ఐక్యరాజ్యసమితిలో 50 దేశాల కమిటీ పెట్టి ఇంటర్నెట్ విధానాలు చూడాలని మనమే ప్రతిపాదించాం. 2015కల్లా ప్రభుత్వాలు, కంపెనీలు, పౌర సంఘాలు అందరూ కలిసి నడపాలన్న పద్ధతిని సమర్థిస్తున్నామన్నాం.

నేరాల విషయంలో చూస్తే, యూరప్ వాళ్లు రాసిన బుడాపెస్ట్ ఒప్పందం 2001 నుంచి ఉంది. అది రాసినప్పుడు మనల్ని అడగలేదని మనం చేరలేదు. అయితే 2024 డిసెంబరు 24న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ సైబర్ నేరాల ఒప్పందాన్ని ఆమోదించింది. 2025 అక్టోబరులో హనోయ్‌లో సంతకాలు మొదలయ్యాయి. 40 దేశాలు ధ్రువీకరిస్తే అమల్లోకి వస్తుంది. చర్చల్లో మన దేశం మొదటి నుంచీ కూర్చుంది.

నా అభ్యంతరం ఇక్కడే. అందులో సైబర్ నేరాలకే కాదు, నాలుగేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే ఏ నేరానికైనా ఎలక్ట్రానిక్ ఆధారాలు ఒకరికొకరు ఇచ్చుకోవాలని ఉంది. రాజును విమర్శిస్తే అంతకంటే ఎక్కువ శిక్ష వేసే దేశాలున్నాయి. ఒక విలేకరి మెయిల్ కోసం ఆ దేశం మనల్ని అడిగితే? కాదనే వీలు ఒప్పందంలో ఉంది. ఆ వీలును వాడుకునే ధైర్యం ఫైలు చూసే అధికారికి ఉండాలి కదా.

■ రవి, డబ్లిన్

సల్మా గారు చెప్పిన ‘ఫైలు చూసే అధికారి’ అన్న మాట దగ్గరే అసలు సంగతుంది. యూరప్‌లో డేటా రక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది, ప్రపంచంలో అంత గట్టి చట్టం ఇంకోటి లేదన్నారు. కానీ పెద్ద అమెరికా కంపెనీల యూరప్ ఆఫీసులు చాలా వరకు డబ్లిన్‌లోనే. దాంతో వాటి మీద ఫిర్యాదులన్నీ చిన్న దేశమైన ఐర్లండ్ రెగ్యులేటరు బల్ల మీదికి వచ్చి పడ్డాయి. ఫేస్‌బుక్ నడిపే మెటాకు 2023 మేలో 120 కోట్ల యూరోల జరిమానా పడింది కదా, ఐర్లండ్ మొదట జరిమానా వేయక్కర్లేదనుకుంది. మిగతా దేశాల రెగ్యులేటర్లు కలిసి యూరప్ డేటా రక్షణ బోర్డులో వేయించారు. చట్టం ఎంత గొప్పదైనా దాన్ని నడిపే మనుషులు ఎంతమంది, వాళ్ల మీద ఒత్తిడి తేగలిగేది ఎవరు అన్న దగ్గరే తేలుతుంది.

మన విషయానికొస్తే, అమెరికా క్లౌడ్ యాక్ట్ కింద బ్రిటన్, ఆస్ట్రేలియా నేరుగా ఒప్పందాలు చేసుకున్నాయి. బ్రిటన్ పోలీసులు ఇప్పుడు తీవ్రమైన కేసుల్లో తమ కోర్టు ఆర్డరుతో నేరుగా అమెరికా కంపెనీని అడగొచ్చు, మాధవి గారు చెప్పిన ఆ మెట్లన్నీ ఎక్కనక్కర్లేదు. మనకు అలాంటి ఒప్పందం లేదు. దానికి వాళ్ల షరతుల్లో ఒకటి, అలాంటి ఆర్డర్ల మీద కోర్టు లేదా మరో స్వతంత్ర సంస్థ పర్యవేక్షణ ఉండాలని. మన దగ్గర ఫోను వినడానికి ఆర్డరు హోం కార్యదర్శి ఇస్తారు, జడ్జి కాదు. అంటే పౌరుడి గోప్యతకు రక్షణ పెంచితే మన పోలీసులకు ఆధారాలు తొందరగా దొరికే దారి తెరుచుకుంటుంది. సల్మా గారు అడిగేది, ఉత్తరాంధ్ర గారు అడిగేది ఎదురెదురు అనుకుంటున్నాం, ఇక్కడ రెండూ ఒకే దారిలో పడతాయి.

■ ఉత్తరాంధ్ర

ఇది నాకు కొత్త విషయం రవి గారూ. సర్వర్లు ఇక్కడే ఉండాలన్న మాట మీద నేను ఇంకా ఉన్నాను. కానీ జడ్జి ఆర్డరుతో మన ఇన్‌స్పెక్టరుకి వారంలో ఆధారం వస్తుందంటే ఆ చట్టం మార్చమని నేనూ అడుగుతాను.

■ అడ్వకేట్ మాధవి

చట్టం మార్చమని అడిగే ముందు, ఇప్పుడున్న దారి ఎంత మూసుకుపోయిందో లెక్క మన చేతిలో ఉండాలి. ఎన్ని అభ్యర్థనలు పంపారు, ఎన్నింటికి జవాబొచ్చింది అన్నది జనానికి తెలిస్తేనే పార్లమెంటులో ఎవరైనా గట్టిగా అడుగుతారు.

■ కొల్లేరు మాస్టారు

దానికి ఆర్టీఐ వేయొచ్చా అమ్మా? రాసిపెడితే నా పేరుతో నేనే వేస్తాను. మా స్కూల్లో పదో తరగతి చదివిన పిల్లాడు మ్యావడీ నుంచి వాయుసేన విమానంలో తిరిగొచ్చాడు. వాడు ఇప్పటికీ రాత్రుళ్లు నిద్రపోవడం లేదని వాళ్లమ్మ చెప్పింది. నాకు ఈ లెక్క తెలియాలి.

■ అడ్వకేట్ మాధవి

వేయొచ్చు మాస్టారూ. కేసుల వివరాలు, దేశాలతో నడిచిన ఉత్తరాలు అడిగితే విదేశీ సంబంధాలు దెబ్బతింటాయని సెక్షన్ 8 కింద తిరస్కరిస్తారు. అందుకని అంకెలు మాత్రమే అడగండి. ఇలా రాయండి:

‘కేంద్ర హోం మంత్రిత్వ శాఖ ప్రజా సమాచార అధికారి గారికి. 2020 నుంచి ఇప్పటి వరకు, ఏడాదివారీగా, (అ) సైబర్ మోసాల కేసుల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల నుంచి మీకు అందిన పరస్పర న్యాయ సహాయ అభ్యర్థనల సంఖ్య, (ఆ) వాటిలో విదేశాలకు పంపినవి, లోపాలున్నాయని రాష్ట్రానికి తిప్పి పంపినవి, (ఇ) అమెరికా, కంబోడియా, మయన్మార్, లావోస్‌లకు పంపినవి ఎన్ని, వాటిలో పూర్తి సమాచారం అందినవి ఎన్ని, (ఈ) జవాబు రావడానికి పట్టిన సగటు కాలం. పేర్లు, కేసు వివరాలు అవసరం లేదు.’

కేంద్రం ఆర్టీఐ పోర్టల్‌లో తెలుగు సరిగ్గా ఎక్కకపోతే ఇంగ్లీషులో నేను తర్జుమా చేసి ఇస్తాను. ఫీజు పది రూపాయలు, ఆన్‌లైన్‌లోనే కట్టొచ్చు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు నేను రాస్తాను. ఇదే ప్రశ్న (అ), (ఆ) భాగాలతో రెండు రాష్ట్రాల హోం శాఖలకు కూడా వేయాలి. తెలంగాణది సల్మా గారు వేయగలరా?

■ సల్మా

రేపు పొద్దున్నే వేస్తాను. రిజిస్ట్రేషన్ నంబరు ఇక్కడే పెడతాను.

■ సుజాత, కాకినాడ

ఆంధ్రప్రదేశ్‌ది నేను వేస్తాను మాధవి గారూ. నాన్న కూడా సంతకం పెడతానంటున్నారు.